అద్దం వెనక చెయ్యి

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో పటాలు కట్టే ప్రమీలమ్మకు ఒక చెడ్డ అలవాటు ఉంది. ఎవరింటికి వెళ్ళినా, ఏ హోటల్లో టీ తాగినా, గోడకు అద్దం కనిపిస్తే చాలు, దాన్ని కాస్త ఎత్తి వెనక వైపు చూస్తుంది. ఒకసారి చుట్టాల పిల్లవాడికి పెళ్ళిచూపులని తోడుగా వెళ్ళి, పిల్లను వదిలేసి పిల్ల వెనక గోడకున్న అద్దాన్ని తిప్పి చూసింది. "ఈమెకి మొహం కంటే ముందు వీపు కనబడాల" అని ఆ చుట్టాలు ఇప్పటికీ ఆటపట్టిస్తారు. నవ్వితే నవ్వుకోనీ. అద్దం మీద పని చేసినవాళ్ళకు అసలు సంగతంతా వెనకే ఉంటుంది.

ఆ పని ఏమిటో కాస్త చెప్పుకోవాలి. ఫ్లెక్సీలు వచ్చాక పుట్టిన పిల్లలకు అది తెలిసే వీలు లేదు. పాత నగల కొట్ల తలుపుల మీద, గుళ్ళలో దాతల పేర్ల పలకల మీద, అద్దం లోపల మెరిసే బంగారు అక్షరాలు, వెండి అక్షరాలు చూసే ఉంటారు. అవి ముందు నుంచి రాసినవి కావు. అద్దం వెనక నుంచి, కుడి ఎడమలు తిరగేసి రాసినవి. మందుల షాపులో దొరికే ఖాళీ క్యాప్సూల్ గొట్టాలను వేడి నీళ్ళలో కరిగిస్తే పలచటి బంక వస్తుంది. అది అద్దానికి పూసి, దాని మీద బంగారు రేకు పరవాలి. ఆ రేకును చేత్తో పట్టుకుంటే మిగలదు, వేళ్ళకే అంటుకుపోతుంది. అందుకని మెత్తని వెడల్పాటి కుంచెను ఒకసారి చెంపకు రుద్దుకుంటారు. చెంప మీదున్న ఆ కొంచెం జిడ్డుకే రేకు లేచి వచ్చి కుంచెకు అతుక్కుంటుంది. రేకు ఆరాక దాని వీపున నల్ల రంగుతో అక్షరం రాయాలి. ఆ రంగు కూడా ఆరాక, అక్షరం కిందున్న రేకును వదిలేసి మిగతాదంతా తడి దూదితో తుడిచెయ్యాలి. అప్పుడు ముందుకు వచ్చి చూస్తే పేరు మెరుస్తుంది. రాసేటప్పుడు చెయ్యి తప్పితే మాత్రం ముందు నుంచి దిద్దే దారి లేదు.

ఈ పనిలో ఆ చుట్టుపక్కల పేరు మోసిన మనిషి ప్రమీలమ్మ భర్త వెంకటరమణయ్య. ఆయన అక్షరం రాసేవాడు, ఆమె రేకు పరిచేది, మిగులు తుడిచేది. పెళ్ళయిన కొత్తల్లో మొదలైన పంపకం అది. మర్రిపాడు లారీల వాళ్ళ దగ్గర్నుంచి వింజమూరు బట్టల కొట్ల వాళ్ళ దాకా "వెంకటరమణయ్య చేతి రాత" అంటే ఒక గౌరవం. ఆయనకూ ఆ మాటంటే పిచ్చి. ఎవరైనా బోర్డు బాగుందని అన్న రోజున అన్నం రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఎవరూ ఏమీ అనని రోజున కూరలో ఉప్పు తక్కువైందని ఆమె మీద పడేవాడు. మనిషి మంచివాడే, కానీ పొగడ్త దగ్గర చంటిపిల్లవాడు.

అలాంటి మనిషికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట చలి అన్నాడు, తర్వాత టీ ఎక్కువైందన్నాడు. ఒక రోజు ఎవరిదో పేరు రాస్తూ సున్నా చుట్టబోతే అది కోడిగుడ్డయింది. కుంచె కింద పెట్టి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ప్రమీలమ్మ ఆ సున్నాను తుడిచి, కుంచె తీసుకుని తనే చుట్టింది. ఇన్నేళ్ళు ఆయన చేతిని పక్కనుంచి చూసిన మనిషి ఆమె. ఆ చెయ్యి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ బరువు వేస్తుందో ఆమె చేతికి ఎప్పుడో ఎక్కిపోయింది. సున్నా అచ్చం ఆయనదే.

"ఎవురికీ చెప్పబాక ప్రమీలా" అన్నాడు ఆయన. "నా చెయ్యి పోయిందంటే ఊళ్ళో నేను పోయినట్టే."

ఆమె మాటిచ్చింది. అప్పట్నుంచి ఆయన ముందు గదిలో కుర్చీలో కూర్చుని, కుడిచేతిని తువ్వాలు కింద దాచుకుని గిరాకీతో మాట్లాడేవాడు. తెర వెనక గదిలో ఆమె రాసేది. గిరాకీ వెళ్ళిపోయాక ఆయన లోపలికి వచ్చి, "ఆ కొమ్ము సాగదీయబాక, ఎండిన తీగ మాదిరి ఉండాది" అని దిద్దించేవాడు. ఆయన గుండె ఆగి పోయేదాకా వచ్చిన ప్రతి పనీ ఆమె చేతిదే. లోకం మాత్రం వెంకటరమణయ్య చేతి రాత అనే అనుకుంది.

ఆయన పోయాక ఆమె కుంచె ముట్టలేదు. ఎవరైనా పేరు రాయించుకోవాలని వస్తే, "ఆ రాత ఆయనతోనే పోయింది నాయనా" అని పంపేసేది. అది అబద్ధమని ఆమెకు తెలుసు. కానీ మనిషి పోయాక కూడా అదే రాత కనబడితే లోకం ఊరుకుంటుందా? చనిపోయినాయన ఎట్లా రాస్తున్నాడని అడగదా? అందుకని దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు, పోయినవాళ్ళ ఫోటోలు కట్టుకుంటూ బతుకుతోంది. ఊరందరి పటాల కిందా పేర్లు వెలిగించిన వెంకటరమణయ్య ఫోటో కింద పేరు లేదు. వేరేవాళ్ళ చేత రాయించడానికి ఆమెకు మనసొప్పలేదు, తను రాస్తే గుట్టు బయటపడుతుంది. ఆ ఖాళీ జాగాను ఆమె రోజూ గుడ్డతో తుడిచేది.

ఈ ఏడాది ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకు ఒక ఉదయం ఆ కొట్టు ముందు కారు ఆగింది. ముందు సీట్లోంచి ఒక కుర్రవాడు దిగాడు. వెనక సీట్లోంచి, దుప్పట్లో చుట్టిన అద్దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని ఒక అమ్మాయి దిగింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"వెంకటరమణయ్య గారి కొట్టు ఇదే గదా పెద్దమ్మా?" అన్నాడు కుర్రవాడు. "నా పేరు శ్రీకృష్ణ. మాది ఉదయగిరి అవతల పల్లె. మా నాయన రామనారాయణ మీ కాడనే ఇంటి పేరు రాయించినాడు."

ప్రమీలమ్మకు వెంటనే గుర్తొచ్చింది. రామనారాయణ పెద్ద రైతు, ఊళ్ళో తగువులు తీర్చే మనిషి, పొలం ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర పలికేంత గొంతు. ఆ గొంతును ఆ రోజు బాగా తగ్గించి, పక్కన ఎవరైనా వింటున్నారేమోనని చూసుకుని, కొత్త ఇంటి గుమ్మం పైన పెట్టే అద్దం మీద "ఆదిశేషమ్మ నిలయం" అని రాయమన్నాడు. ఆదిశేషమ్మ ఆయన భార్య. తాతల పేరో దేవుడి పేరో పెట్టుకునే ఇంటికి పెళ్ళాం పేరు పెడుతున్నాడని ఊళ్ళో నవ్వుతారని ఆయనకు తెలుసు. అయినా పెట్టాలనే వచ్చాడు. అక్షరాలకు అంచులు బంగారం, లోపల వెండి కావాలన్నాడు. ఆ అద్దం గుమ్మానికెక్కిన కొన్నాళ్ళకే ఆయన పోయాడు.

ప్రమీలమ్మ దుప్పటి విప్పింది. లోపల ఉన్నది అద్దమే. దాని మీద ఒక్క అక్షరం కూడా లేదు.

"ఇదేందమ్మా?"

అమ్మాయి ఏడుపు మింగుకుంటూ చెప్పింది. ఆ అమ్మాయి పేరు శ్వేత. ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. "పండక్కి ఇల్లంతా కడుగుతుండాం పెద్దమ్మా. అక్షరాలు అక్కడక్కడా నల్లబడి ఉండాయి. అవి వెండివని ఈయన చెప్పినాడు. వెండంటే చింతపండు పెట్టి తోముతాం గదా, దేవుడి సామాను తోమినట్టు. స్టూలెక్కి లోపలి వైపు నుంచి బాగా తోమినా. నల్లగా మురికి దిగతా ఉంటే సంబరపడినా పెద్దమ్మా, ఎన్నాళ్ళ మురికో అని! కడిగేసి వాకిట్లోకి పోయి చూస్తే..."

"చూస్తే?"

"లోపల తిరిగే ఫ్యాను కనబడింది."

ప్రమీలమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. పక్కకు తిరిగి దగ్గింది. ఈ పనిలో ఆమె చూడని తప్పు లేదనుకుంది ఇన్నాళ్ళూ. పిల్లలు రాయి విసిరి పగలగొట్టిన అద్దాలు చూసింది, సున్నం కొట్టేవాడు చీపురు తగిలించిన అద్దాలు చూసింది. వెండి గిన్నెను తోమినట్టు పేరును తోమేసిన మనిషిని చూడటం ఇదే మొదలు. చింతపండు పులుపుకు, పీచు రాపిడికి ముందు నల్ల రంగు లేచింది, దాని వెంట రేకు లేచింది. ఆ పిల్ల మురికి అనుకుని దింపిందంతా అత్త పేరే.

"మీ అత్త తిట్టిందా?" అని అడిగింది.

"తిట్టినా బాగుండు. తిట్టలా." శ్వేత కళ్ళు తుడుచుకుంది. "రాయించినాయనా పోయినాడు, రాసినాయనా పోయినాడు, ఇంకేం చేస్తాం వదిలెయ్యండి, అనింది. అంతే. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటంలే. నేను వండింది తింటాది. బాగుండాదనీ అనదు, బాగలేదనీ అనదు. ఊళ్ళో వాళ్ళేమో, కోడలు వచ్చీ రాంగానే అత్త పేరు తుడిపేసిందంట అని నవ్వుతుండారు. నేను కావాలని చేసినానా పెద్దమ్మా?"

శ్రీకృష్ణ నేల చూపులు చూస్తున్నాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య నలిగే మొగుళ్ళందరూ చూసే చూపే అది. "ఆయన దగ్గర నేర్చుకున్నోళ్ళు ఎవురైనా ఉండారా?" అని మాత్రం అడిగాడు.

ఆమె నోటికి అలవాటైన మాటే వచ్చింది. "ఆ రాత ఆయనతోనే పోయింది నాయనా."

శ్వేత తల ఊపింది. అద్దాన్ని ఇంటికి తీసుకుపోతే అత్త కంట పడుతుందని, కొట్లోనే ఉంచమని బతిమాలి వెళ్ళిపోయింది.

కారు వెళ్ళాక ప్రమీలమ్మ అద్దాన్ని బల్ల మీద పెట్టింది. దుమ్ము పడకుండా తుడిచి పక్కన పెడదామనుకుంది. అలవాటుగా దాని మీద నోటితో ఆవిరి ఊది గుడ్డ అందుకోబోయింది. చెయ్యి అక్కడే ఆగింది. ఆవిరి పట్టిన చోట అద్దం మీద ఒక "ది" నిండుగా, తిరగేసి నిలబడి ఉంది. చూస్తుండగానే మాయమైంది. ఆమె ఇంకాస్త పక్కన ఊదింది. "శే" వచ్చింది. ఏళ్ళ తరబడి రేకు అంటుకుని ఉన్న చోట అద్దం ఆవిరిని ఒక రకంగా పడుతుంది, మిగతా చోట ఇంకో రకంగా పడుతుంది. అక్షరం పోయినా దాని జాగా పోలేదు.

అది తన చేతి రాత. ఆ "శే" ఏత్వం దగ్గర తను ఊపిరి బిగబట్టిన సంగతి కూడా ఆమెకు గుర్తుంది. అద్దాన్ని పట్టుకుపోవడానికి రామనారాయణ వచ్చిన రోజున తెర వెనక నిలబడి, ముందు గదిలో ఆయన మాటలన్నీ విన్నది. "ఇట్టాంటి చెయ్యి జిల్లాలో ఇంకోటి లేదు వెంకటరమణయ్యా" అని ఆ పెద్ద గొంతు అంటుంటే, ఆమెకు చెప్పలేని సంతోషం కలిగింది. అంతకు మించిన దిగులూ కలిగింది. తన పిల్లను ఇంకొకరి పేరు పెట్టి పిలుస్తుంటే విన్నట్టుంది అప్పుడు.

బల్ల ముందు కూర్చుని ఆలోచించింది. పోయిన రాత వెంకటరమణయ్యదని అనుకోబట్టే ఆ అత్తకు అంత బాధ. తిరిగి రాని వస్తువును పాడుచేసిందని కోడలి మీద అంత ముభావం. రాసిన చెయ్యి పోలేదు, ఇదిగో ఈ బల్ల మీదే ఉంది. ఆ ఒక్క మాట చెబితే ఆ పిల్ల తప్పు చీమంత అయిపోతుంది. చెబితే మాత్రం వెంకటరమణయ్యకు ఇచ్చిన మాట పోతుంది, ఊళ్ళో ఆయన చివరి రోజుల పేరంతా పోతుంది. మాట పోకుండా, పిల్ల కాపురం చెడకుండా పని జరిగే దారి ఒకటి ఆమెకు తట్టింది. మళ్ళీ రాసి ఇచ్చేద్దాం. ఎవరు రాశారంటే, ఆవిరి పట్టి ఆయన గీతల మీదే దిద్దినాను అందాం. అందులో అబద్ధం సగమే గదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

చెయ్యి అంత తేలిగ్గా మాట వినలేదు. ఇన్నాళ్ళ తర్వాత కుంచె పట్టుకుంటే వేళ్ళు కొత్త కోడళ్ళలా బిగుసుకున్నాయి. ఆమె ఊదేది. అక్షరం లేచేది. అది మాయమయ్యేలోపు సుద్దముక్కతో ఒక్క వంపు గీసుకునేది, మళ్ళీ ఊదేది. మధ్యాహ్నం ఎండ తెర మీద పడే వేళకు తల తిరిగేది. పెట్టె అడుగున మిగిలిన బంగారు రేకులు, వెండి రేకులు పాడవకుండా ఉన్నాయి. కుంచెను చెంపకు రుద్దుకుంటే చెంప ఎండిపోయి ఉంది. వయసు మీద పడితే చెంపకు జిడ్డు కూడా ఉండదు కాబోలు అని నవ్వుకుని, వంటింట్లోకి వెళ్ళి కొబ్బరినూనె చుక్క రాసుకుని వచ్చింది. మొదట రాసింది నచ్చక మొత్తం తుడిచేసింది. రెండోసారి చెయ్యి దారికొచ్చింది. అంచుల బంగారం ఆరాక లోపలికి వెండి రేకు పరిచింది, వెనక రంగు పూసింది, మిగులు తుడిచింది. కింద మూలన చిన్న అక్షరాలతో "వెంకటరమణయ్య, ఆత్మకూరు" అని ముందు ఉన్నట్టే రాసింది.

అద్దాన్ని దుప్పట్లో చుట్టుకుని ఉదయగిరి బస్సెక్కింది. ఎవరు దగ్గరికొచ్చినా "అద్దం, అద్దం" అని అరుస్తుంటే, "బస్సు మొత్తం నీకే రాసిచ్చేస్తాం కూచోమా" అన్నాడు కండక్టరు. ముందే ఫోను చేసి చెప్పింది కాబట్టి, ఉదయగిరిలో దిగేసరికి శ్రీకృష్ణ కారుతో ఉన్నాడు. పల్లె దాకా ఆమె అద్దాన్ని ఒళ్ళోనే పట్టుకుని కూర్చుంది.

ఇల్లు పెద్దదే. గుమ్మం పైన అద్దం ఉండాల్సిన చోట అట్టముక్క కొట్టి ఉంది. ఆదిశేషమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. శ్వేత గుమ్మం లోపల, తలుపు చాటున నిలబడింది. శ్రీకృష్ణ ఆమె ఎవరో, ఎందుకొచ్చిందో తల్లికి చెబుతుంటే, ప్రమీలమ్మ దుప్పటి తీసి, అద్దాన్ని గోడకు ఆనించి, వెలుగు పడేలా నిలబెట్టింది.

ఆదిశేషమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. లేచి దగ్గరికొచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని తన పేరును మొదట్నుంచి చివరిదాకా చూసింది.

"ఎవురు రాసినారు?" అంది ఆదిశేషమ్మ.

"ఆవిరి పడితే పాత గీతలు కనబడినాయమ్మా. వాటి మీదనే నేను దిద్దినాను."

ఆదిశేషమ్మ చూపు కింద మూలకు దిగింది. మొహం గట్టిపడింది. "బాగుండాది. నకలు ఇంత బాగా చేసేవాళ్ళు ఉండారని నాకు తెలియదు. కానీ పోయినాయన పేరు కింద రాసి నన్ను మభ్యపెట్టబాక ప్రమీలమ్మా. ఆయన చెయ్యి వేరు. మా ఆయన నా పేరు ఆ చేత్తో రాయించినానని ఎంత మురిసిపోయినాడో నాకు తెలుసు. ఆ చెయ్యి పోయింది, ఆ రాత పోయింది. నకలు తగిలించుకోని రోజూ దాన్ని చూస్తా కూర్చోలేను. తీసుకోని పో తల్లీ. ఏమనుకోబాక."

గుమ్మంలో శ్వేత తల వాలిపోయింది. ఆ పిల్ల మొహం చూసింది ప్రమీలమ్మ. దాన్ని ఎవరూ తిట్టలేదు, దాని మీద చెయ్యెత్తలేదు. కానీ ఈ ఇంట్లో ఇంకెన్నేళ్ళు గడిచినా, అట్టముక్క కొట్టిన ఆ గుమ్మం కింద నుంచే అది నడవాలి. ఎవరూ తీర్చలేని తప్పు చేసినదానిలాగే బతకాలి. తను దాచిన మాట బరువంతా ఆ పిల్ల మోస్తోందని ప్రమీలమ్మకు అప్పుడు స్పష్టంగా తెలిసింది. మోసేవాళ్ళు వేరే ఉన్నప్పుడు మాట నిలబెట్టుకోవడం గొప్పేమీ కాదు.

"నకలు కాదమ్మా" అంది. "ముందుది కూడా నేనే రాసినా."

ఆదిశేషమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఏంది నువ్వనేది?"

"ఆయనకి చెయ్యి వణుకు వచ్చిందమ్మా. కుంచె నిలిచేది కాదు. తెర వెనక కూర్చోని నేను రాసేదాన్ని. మీ ఇంటి పేరు మొదట్నుంచి చివరిదాకా నా చెయ్యే. చెప్పబాకన్నాడు, చెప్పలా. ఇప్పుడు చెప్తుండా. ఆ రాత యాడికీ పోలా. ఇదిగో, ఉండాది. మీ కోడలు పోగొట్టింది కాస్త రేకు, కాస్త రంగు. అంతే."

ఆదిశేషమ్మకు ముందు కోపం వచ్చింది. రావలసిందే.

"అయితే మా ఆయన్ని మోసం చేసినారు మీ మొగుడూ పెళ్ళాం కలిసి" అంది. "అద్దం తెచ్చుకున్న రోజు ఆయన మీ కొట్టుకి ఉత్త చేతులతో రాలా. నెల్లూరులో పట్టు శాలువా కొని తెచ్చి మీ ఆయనకి కప్పినాడు. ఇంటికొచ్చి పొద్దు గూకిందాకా అదే కబురు. మా ఆయన ఊళ్ళో ఎవురికీ తల వంచినోడు కాదు. అట్టాంటోడు పని చెయ్యని మనిషికి శాలువా కప్పి దణ్ణం పెట్టి వచ్చినాడా?"

ప్రమీలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ శాలువా సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు గుట్టంతా చెప్పాలి కాబట్టి అయినవాళ్ళకు కూడా చెప్పలేదు.

"మీ ఆయన కారు సందు మలుపు తిరిగిందాకా ఆయన ఆ శాలువాతోనే కూర్చోని ఉండాడమ్మా" అంది. "కారు పోంగానే లేచి తెర తీసుకోని లోపలికి వచ్చినాడు. నా చేతులు రంగులో ఉండాయి. చేతులు కడుక్కోని రా అన్నాడు. ఏందో పని చెప్తాడనుకోని కడుక్కోని వచ్చినా. తన భుజాన ఉన్న శాలువా తీసి నాకు కప్పినాడు. ఆ వణికే చేతుల్తో కప్పతా ఉంటే జారి కింద పడింది. వంగి, తీసి, దులిపి, మళ్ళీ కప్పినాడు. ఇది నీదే ప్రమీలా, నేను మోసుకొచ్చినానంతే, అన్నాడు."

ఆదిశేషమ్మ మెట్టు మీద కూలబడింది. ఒలిచిన చిక్కుడు గింజలు కొన్ని పళ్ళెంలోంచి కింద దొర్లాయి. ఎవరూ ఏరలేదు.

"చేతి రాత మంచిదని విన్నా గానీ" అంది చివరికి, "మనిషి ఇంత మంచోడని ఇప్పుడే తెలిసింది. అట్టాంటోడి సంగతి ఇన్నేళ్ళు ఎందుకు దాచినావే తల్లీ!"

ప్రమీలమ్మ అద్దం కింద మూలనున్న ఆయన పేరు వైపు చూసింది. ఆయన పేరు కాపాడుతున్నాననే ఇన్నేళ్ళూ అనుకుంది. ఆ పేరు కోసం నోరు కట్టుకుంటే, ఆయన చేసిన అన్నిటికంటే మంచి పని కూడా ఆ తెర వెనకే ఉండిపోయింది. పొగడ్త కోసం పడిచచ్చే మనిషి, తన జీవితంలో దక్కిన అన్నిటికంటే పెద్ద పొగడ్తను భుజం మీంచి తీసి పెళ్ళానికి ఇచ్చేశాడు. ఆ సంగతి లోకంలో ఒక్కరికీ తెలియనివ్వలేదు తను. ఆ మాట తట్టేసరికి ఆయన పోయిన రోజున కూడా రానంత ఏడుపు వచ్చింది ఆమెకు. ఎవరూ ఆపలేదు. శ్వేత లోపలికి పరిగెత్తి మంచినీళ్ళు తెచ్చింది.

శ్రీకృష్ణ ముందుకొచ్చి అద్దం ఎత్తబోయాడు. "నువ్వు ఆగరా" అంది ఆదిశేషమ్మ. గుమ్మం వైపు తిరిగింది. "శ్వేతా, చూస్తా నిలబడినావేంది? స్టూలు తే. నా పేరు దించింది నువ్వే గదా, నువ్వే ఎక్కించు. నువ్వు చెయ్యి వెయ్యకపోతే ఊళ్ళో వాళ్ళ నోళ్ళు మూతపడవు."

అన్నాళ్ళ తర్వాత అత్త నోటి నుంచి తన పేరు విన్న శ్వేత, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేస్తూ స్టూలు తెచ్చింది. శ్రీకృష్ణ అట్టముక్క పీకేశాడు. శ్వేత స్టూలెక్కి అద్దాన్ని చట్రంలో నిలబెడితే, అతను చుట్టూ చెక్కలు బిగించి మేకులు కొట్టాడు. స్టూలు కదలకుండా ఆదిశేషమ్మ రెండు చేతులతో పట్టుకుంది. "పడతావు, నింపాదిగా" అని రెండుసార్లు అంది.

అందరూ వాకిట్లోకి వచ్చి చూశారు. వీధిలో పాల క్యాను పట్టుకుని పోతున్న శీనమ్మ ఆగింది. ఆ ఊరి కబుర్లన్నీ ఆమె క్యానులోనే తిరుగుతాయని పేరు.

"ఏందక్కా, పేరు మళ్ళీ వచ్చిందే! ఎవురు రాసినారు?"

ప్రమీలమ్మ నోరు తెరిచేలోపు ఆదిశేషమ్మ అందుకుంది. "ఈమెనే రాసింది. ముందుది కూడా ఈమెదే. వాళ్ళాయన చేతికి వణుకొస్తే తెర వెనక ఈమె రాసేది. ఆ మహానుభావుడు, మా ఆయన కప్పిన శాలువా తీసకపోయి ఈమెకి కప్పినాడంట! రా, కూచో, చెప్తా."

శీనమ్మ క్యాను దించి మెట్టు మీద కూర్చుంది. ఈ మాట తను ఎక్కబోయే బస్సు కంటే ముందే ఆత్మకూరు చేరుతుందని ప్రమీలమ్మకు తెలుసు. చేరనీలే అనుకుంది.